క్వారీ పక్క ఊళ్లలో జబ్బులు: పాఠకుల ప్రశ్నలు, డాక్టరు జవాబులు

చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో గ్రానైట్ క్వారీలు, కంకర మిషన్ల పక్కన నివసించే పాఠకులను ఆరోగ్య సందేహాలు రాసి పంపమని గత సంచికలో కోరాం. అందిన ఉత్తరాల్లో కొన్నింటికి, ఈ ప్రాంతంలో ఎన్నో ఏళ్లుగా ఊపిరితిత్తుల జబ్బులకు వైద్యం చేస్తున్న మా శీర్షిక డాక్టరు గారు ఇచ్చిన జవాబులు ఇవి. రాసినవారి పేర్లు, ఊళ్ల పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: డాక్టరు గారికి నమస్కారం. మాది బంగారుపాళ్యం మండలంలో ఒక చిన్న ఊరు. నేను ఇక్కడి బడిలో ఉపాధ్యాయురాలిని. ఊరికి అర కిలోమీటరు దూరంలో గ్రానైట్ క్వారీ పద్దెనిమిదేళ్లుగా నడుస్తోంది. తరువాత దాని పక్కనే కంకర మిషను కూడా పెట్టారు. ఈ రెండేళ్లలో మా కాలనీలో అయిదుగురికి టీబీ అని తేలింది. వారిలో ముగ్గురు క్వారీలో పనిచేసినవారు, నాలుగో మనిషి ఆ ముగ్గురిలో ఒకరి భార్య, అయిదో మనిషి క్వారీ గేటు కూడా చూడని ఇంటర్ చదివే అమ్మాయి. దుమ్ము వల్లే టీబీ వస్తోందని కొందరు, టీబీ అంటువ్యాధి కాబట్టి క్వారీకి సంబంధమే లేదని కొందరు వాదించుకుంటున్నారు. ఏది నిజం?

జవాబు: అమ్మా, ఆ అయిదుగురు ఎవరు, ఎవరికి ఏమవుతారు అన్నది మీరు విడమరచి రాశారు. జబ్బు నడిచిన దారి ఆ వరసలోనే కనిపిస్తోంది.

దుమ్ములోంచి టీబీ పుట్టదు. ఊపిరితిత్తుల్లో టీబీ ఉన్న మనిషి దగ్గినప్పుడు సూక్ష్మజీవి గాలిలో కలిసి పక్కవారి ఊపిరిలోకి చేరుతుంది. ఇంతవరకు రెండో పక్షం వారి మాట సరైనదే. అయితే ఆ సూక్ష్మజీవి చేరిన ప్రతి ఒక్కరికీ జబ్బు రాదు. ఆరోగ్యవంతులైన వంద మందిలో అది చేరితే, జీవితకాలం మొత్తంలో జబ్బుపడేది అయిదు నుంచి పది మందే. మిగిలినవారిలో శరీరం దాన్ని ఒక మూల అణచి ఉంచుతుంది. ఆ కాపలా పనిలో ముందుండేవి ఊపిరితిత్తుల చివరి గాలిగదుల్లో తిరిగే మాక్రోఫేజ్ అనే కణాలు. క్వారీ దుమ్ము దెబ్బతీసేది సరిగ్గా ఈ కాపలానే.

గ్రానైట్ రాయిలో మనం పలుగు అని పిలిచే స్ఫటికం ఉంటుంది. అదే సిలికా. బూడిద రంగు, గులాబీ రంగు రాళ్లలో ఇది బాగా ఎక్కువ, నల్ల గ్రానైట్ పేరుతో అమ్మే రాళ్లలో తక్కువ. జాక్‌హామర్‌తో రాయికి బెజ్జం వేసినప్పుడు, మిషనులో కంకర నలిగినప్పుడు లేచే దుమ్ములో కంటికి కనబడే రేణువులు ముక్కులోనో గొంతులోనో ఆగిపోతాయి. ప్రమాదమంతా కంటికి కనబడని రేణువులతోనే. మన వెంట్రుక మందంలో పదో వంతు కూడా లేని ఆ రేణువులు నేరుగా గాలిగదుల దాకా వెళతాయి. మాక్రోఫేజ్ కణం వాటిని మింగుతుంది కానీ అరిగించుకోలేక తానే చచ్చిపోతుంది. అందులోంచి బయటపడిన రేణువును మరో కణం మింగుతుంది, అదీ చస్తుంది. ఇలా ఏళ్ల తరబడి జరిగిన చోట ఊపిరితిత్తి మచ్చలు కట్టి గట్టిపడుతుంది. దాన్నే సిలికోసిస్ అంటాం. సిలికోసిస్ ఉన్నవారికి టీబీ వచ్చే ముప్పు మామూలు వారికన్నా మూడు నాలుగు రెట్లు, మచ్చలు ముదిరిన కొద్దీ అంతకన్నా ఎక్కువ. సిలికోసిస్ ఇంకా ఎక్స్‌రేలో కనబడని దశలో కూడా, దుమ్ము పీల్చినవారికి ఈ ముప్పు పెరుగుతుంది. పని మానేసినా తగ్గదు, ఎందుకంటే లోపలికి పోయిన సిలికా తిరిగి రాదు.

ఇప్పుడు మీ అయిదుగురి దగ్గరికి వద్దాం. క్వారీలో పనిచేసిన ముగ్గురిలో దుమ్ము వల్ల కాపలా బలహీనపడి, లోపల అణగి ఉన్న సూక్ష్మజీవో, కొత్తగా చేరిన సూక్ష్మజీవో జబ్బుగా మారి ఉండవచ్చు. ఆ భార్యకు భర్త నుంచి సోకి ఉండవచ్చు. మందులు మొదలుపెట్టని టీబీ రోగి ఒక్కరు ఏడాదిలో దగ్గరగా మెలిగే పది పదిహేను మంది దాకా అంటించగలరు. ఇంటర్ అమ్మాయికి అదే వీధిలోనో, గాలి ఆడని ఏదో ఒక గదిలోనో ఇంకొకరి నుంచి సోకి ఉండవచ్చు. జబ్బు మొదలైంది రాతిగుట్ట దగ్గరైనా, ఇప్పుడది ఇళ్ల మధ్య నడుస్తోంది. క్వారీ ఆగకుండా నడుస్తున్నంత కాలం కొత్త ఊపిరితిత్తులు ఆ దుమ్ముకు గురవుతూనే ఉంటాయి కాబట్టి, ఊళ్లో ఒకరికి నయమయ్యేలోపు మరొకరు జబ్బుపడే పరిస్థితి ఏర్పడుతుంది. పద్దెనిమిదేళ్లు అన్న మీ మాట దగ్గర నేను ఎక్కువసేపు ఆగింది ఇందుకే. సిలికోసిస్ మామూలుగా పది, ఇరవై ఏళ్లకు బయటపడుతుంది, అంటే మీ క్వారీలో మొదట్లో చేరినవారికి ఆ గడువు ఇప్పుడు వచ్చింది.

ఇది నా ఊహ కాదు. దక్షిణాఫ్రికా బంగారు గనుల్లో ఏటా లక్ష మంది కార్మికులకు 2,500 నుంచి 3,000 మంది టీబీ పాలయ్యారు. లక్షకు 250 దాటితేనే ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యవసర స్థితిగా లెక్కించేది. ఆ గనుల నుంచి లెసోతో, మొజాంబిక్ దేశాల్లోని సొంతూళ్లకు వెళ్లిన కార్మికుల వెంట జబ్బు కూడా ఆ పల్లెలకు వెళ్లింది. సిలికోసిస్, టీబీ పాలైన గని కార్మికుల కోసం 500 కోట్ల ర్యాండ్ల పరిహార ఒప్పందానికి జొహానెస్‌బర్గ్ కోర్టు 2019లో ఆమోదం తెలిపింది. అంత దూరం ఎందుకు, కుప్పం పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల్లో సిలికోసిస్ సంగతి 1940 దశకానికే వైద్యులకు తెలుసు. ఆ గనులు 2001 ఫిబ్రవరిలో మూతపడ్డాయి.

మీరు చేయగలిగినది చెబుతాను. ఆ అయిదుగురి ఇళ్లలోని ప్రతి ఒక్కరికీ, పిల్లలతో సహా, పరీక్ష జరగాలి. జబ్బు లేదని తేలినవారికి అది రాకుండా ముందస్తు మాత్రలు ఉన్నాయి. వాటిని ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది. ఆశా కార్యకర్తను, సచివాలయంలోని ఏఎన్ఎంను కలిసి, "క్వారీలో ఇప్పుడు పనిచేస్తున్నవారినీ, ఒకప్పుడు చేసి మానేసినవారినీ కలిపి అందరికీ ఎక్స్‌రే తీయించాలి" అని స్పష్టంగా అడగండి. సిలికా దుమ్ములో పనిచేసినవారందరికీ, మానేసినవారితో సహా, టీబీ పరీక్షలు జరపాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మార్గదర్శకాలే చెబుతున్నాయి. దగ్గు వచ్చేదాకా ఆగనక్కరలేదు.

తిండి సంగతి కూడా మరిచిపోవద్దు. గనులకు పేరుపడ్డ జార్ఖండ్‌లో టీబీ రోగుల కుటుంబాలకు నెలనెలా బియ్యం, పప్పు వంటి దినుసులు ఇచ్చి చేసిన పరిశోధన ఫలితాలు 2023లో లాన్సెట్ పత్రికలో వచ్చాయి. దినుసులు అందిన ఇళ్లలో కొత్తగా టీబీ రావడం దాదాపు 40 శాతం తగ్గింది. మందులు వాడుతున్న రోగికి పోషణ కోసం నెలకు 1,000 రూపాయలు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతాయి. 2024 నవంబరు ముందు అది 500 ఉండేది. మీ కాలనీలో ఆ అయిదుగురికీ అది అందుతున్నదో లేదో ఒకసారి పాసుపుస్తకాలు చూడండి. బడి పంతులమ్మగా మీరు అడిగితే ఎవరూ కాదనరు.

ప్రశ్న: సార్, మాది గుడుపల్లె మండలం. మా ఆయన వయసు 41. పద్నాలుగేళ్లు క్వారీలో డ్రిల్లింగు పని చేశారు. మా మామగారు కోలారు గనుల్లో పనిచేసి ఆయాసంతోనే పోయారు. మూడేళ్ల కిందట మా ఆయనకు టీబీ అని చెప్పి ఆరు నెలలు మందులు ఇచ్చారు, తగ్గింది. ఏడాదికే మళ్లీ దగ్గు, ఆయాసం మొదలైతే ఒక ప్రైవేటు క్లినిక్‌లో ఎక్స్‌రే చూసి మళ్లీ టీబీ మందులే రాశారు. అవి వాడినా ఆయాసం తగ్గలేదు. ఇప్పుడు మూడోసారి అవే మందులు మొదలుపెట్టమంటున్నారు. గట్టు ఎక్కలేకపోతున్నారు. నాకు ఇద్దరు పిల్లలు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, మూడోసారి మందులు మొదలుపెట్టే ముందు కళ్లె పరీక్ష జరగాలి. మామూలు పరీక్ష కాదు, ట్రూనాట్ లేదా సీబీనాట్ అనే పరీక్ష. అందులో టీబీ సూక్ష్మజీవి ఉందో లేదో తేలడమే కాకుండా, ముఖ్యమైన మందు రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో కూడా కొన్ని గంటల్లోనే తెలుస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రుల్లో దీనికి డబ్బు కట్టనక్కరలేదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. సిలికోసిస్ మచ్చలు ఎక్స్‌రేలో ఊపిరితిత్తుల పై భాగంలో చిన్న చిన్న చుక్కలుగా కనిపిస్తాయి. టీబీ కూడా ఎక్కువగా అక్కడే కనిపిస్తుంది. ఎక్స్‌రే ఒక్కటే చూసి మందులు రాస్తే పొరపాటు జరగడం తేలిక. నా వైద్యవృత్తి మొదటి రోజుల్లో నేనూ ఆ తప్పు చేశాను. ఒక మనిషికి రెండు విడతలు టీబీ మందులు ఇచ్చాను. మూడోసారి వచ్చినప్పుడు చెయ్యి పట్టుకుని నాడి చూస్తుంటే, అరచేతులు చెక్కలా గట్టిపడి, వేళ్లు వణుకుతూ ఉన్నాయి. ఏం పని చేస్తావని అప్పుడు అడిగాను. "కంప్రెషర్ పని సార్, పదహారేళ్లు" అన్నాడు. అంటే మిషనుతో రాతికి బెజ్జాలు వేసే పని. ఆ ప్రశ్న నేను మొదటిరోజే అడగవలసింది. ఆ తరువాత ఏ దగ్గు రోగినీ పని అడగకుండా పంపలేదు.

అందుకే మీరు డాక్టరు దగ్గర కూర్చోగానే ముందుగా చెప్పవలసిన మాట: "మా ఆయన పద్నాలుగేళ్లు రాతికి బెజ్జాలు వేశారు." ఏ ఏళ్లలో, ఎన్ని గంటలు, నీళ్లు పోస్తూ డ్రిల్ చేశారా లేక పొడిగానా అన్నది కాగితం మీద రాసుకుని వెళ్లండి. పాత ఎక్స్‌రేలు అన్నీ తీసుకెళ్లండి. రెండేళ్ల నాటి ఎక్స్‌రే పక్కన ఇప్పటిది పెట్టి చూస్తే చాలా సంగతులు తేలుతాయి. మీకు కుప్పంలో వైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. అక్కడ తేలకపోతే తిరుపతిలో రుయా, స్విమ్స్ ఉన్నాయి, వేలూరు సీఎంసీ కూడా దూరం కాదు.

రెండు జబ్బులూ కలిసి ఉండే అవకాశం కూడా ఉంది. అప్పుడు టీబీ మందులు వాడవలసిందే. సిలికోసిస్ ఉన్నప్పుడు ఆరు నెలలు చాలక డాక్టర్లు మరో రెండు నెలలు పొడిగించడం కూడా జరుగుతుంది. సిలికోసిస్‌ను నయం చేసే మందు లేదు. ఈ మాట మీకు రాయడం నాకు కష్టంగానే ఉంది, కానీ దాచిపెడితే మీరు ఆ మందు కోసం అప్పులు చేసి తిరుగుతారు. దుమ్ము పని ఇక పూర్తిగా మానాలి, బీడీ అలవాటు ఉంటే మానాలి, టీబీ వచ్చిన ప్రతిసారీ వెంటనే పట్టుకోవాలి. వీటితో జబ్బు ముదరడాన్ని ఆలస్యం చేయవచ్చు. ఇకమీదట ఎప్పుడు జ్వరం వచ్చినా, బరువు తగ్గినా, రెండు వారాలు దగ్గు ఆగకపోయినా కళ్లె పరీక్ష చేయించండి.

తువ్వాలు ముఖానికి చుట్టుకుంటే చాలునని క్వారీల్లో అందరూ అనుకుంటారు. సాయంత్రం పని దిగినప్పుడు కనురెప్పల వెంట్రుకలు కూడా తెల్లగా ఉంటాయి కానీ తువ్వాలు కింద ముక్కు శుభ్రంగా కనిపిస్తుంది. అందుకే ఆ నమ్మకం. అసలు నష్టం చేసే సన్నని రేణువు తువ్వాలు నేతలోంచి సులువుగా దాటిపోతుంది. ఎన్95 మాస్కు కొంత మేలు, డ్రిల్లు మొన దగ్గర నీళ్లు పడేలా పైపు పెట్టడం అన్నిటికన్నా మేలు. ఆయన తోటివారికి ఈ మాట చెప్పమనండి.

సిలికోసిస్ అని తేలితే, 1923 నాటి పరిహార చట్టంలోని జబ్బుల జాబితాలోనూ, 2025 నవంబరులో దాని స్థానంలో వచ్చిన సామాజిక భద్రత కోడ్ జాబితాలోనూ అది ఉంది కాబట్టి యజమాని నుంచి పరిహారం అడిగే హక్కు ఉంటుంది. పని చేసినట్టు రుజువే కష్టం. కాంట్రాక్టరు ఇచ్చిన చిట్టాలు, కూలి డబ్బులు పడ్డ బ్యాంకు పాసుపుస్తకం, కలిసి పనిచేసినవారి వాంగ్మూలాలు ఇప్పటి నుంచే జాగ్రత్త చేయండి. పిల్లలిద్దరికీ మీకూ టీబీ పరీక్ష మాత్రం ఈ వారంలోనే చేయించండి, అది వాయిదా వేయవద్దు.

ప్రశ్న: కంకర మిషను దగ్గర పండిన టమోటాలు, ఆకుకూరల మీద దుమ్ము పేరుకుంటుంది. అవి తింటే టీబీ గానీ, ఊపిరితిత్తుల జబ్బు గానీ వస్తుందా? (పలమనేరు రైతు)

జవాబు: రావు. సిలికా పీలిస్తేనే నష్టం, కడుపులోకి పోతే అలాంటి నష్టం లేదు. బాగా కడిగి వండుకోండి. అయితే మీరు ఆ తోటలో రోజంతా వంగి పనిచేస్తూ పీల్చే గాలి సంగతి వేరు. మిషను నడిచే వేళల్లో గాలివాలున ఉన్న మడిలో పని పెట్టుకోకుండా చూసుకోండి.

ప్రశ్న: మా పంచాయతీలో నాలుగేళ్ల కిందట వదిలేసిన క్వారీ గుంత ఒకటి వర్షపు నీటితో నిండి ఉంది. పోయిన ఏడాది ఊళ్లో డెంగీ కేసులు ఎక్కువగా వచ్చాయి. గుంత వల్లేనని జనం ఆందోళన చేస్తే, పంచాయతీ వారు అందులో ఆయిల్ బాల్స్ (నూనెలో నానబెట్టిన పొట్టు ఉండలు) వేయించారు. ఈ ఏడాదీ జ్వరాలు వచ్చాయి. గుంత పూడ్పించడమే మార్గమా? (యాదమరి మండలం)

జవాబు: మీ ఊరి డెంగీకి ఆ గుంత కారణం కాకపోవచ్చు. డెంగీని మోసే ఏడిస్ దోమ పెద్ద గుంతల్లో, చెరువుల్లో గుడ్లు పెట్టదు. దానికి కావలసింది ఇంటి చుట్టూ ఉండే చిన్న నీటి తావులు: మూత లేని డ్రమ్ము, పాత టైరు, కూలరు, పగిలిన కుండ, టెంకాయ చిప్ప. అది పుట్టిన చోటి నుంచి ఎక్కువ దూరం కూడా ఎగరదు. కాబట్టి మీ ఊళ్లో డెంగీ వచ్చిన ఇళ్లకు వంద, రెండు వందల గజాల లోపలే దాని పుట్టిల్లు ఉంది.

అలాగని క్వారీకి సంబంధం లేదనీ చెప్పలేను. టిప్పర్ల పాత టైర్లు ఎక్కడ పడేస్తున్నారో ఒకసారి చూడండి. క్వారీ ఆఫీసు వెనకో, టైర్లకు పంచరు వేసే కొట్టు పక్కనో గుట్టగా పడి ఉంటాయి. ఒక్క టైరులో నిలిచిన రెండు చెంబుల నీళ్లు వందల దోమలకు చాలు. ఏడిస్ గుడ్లు నీరు ఎండిపోయాక కూడా నెలల తరబడి బతికి ఉండి, తరువాతి వానకు పొదుగుతాయి. ఆయిల్ బాల్స్ గుంతలో వేసి టైర్లను అలాగే వదిలేస్తే ఏడాదికి ఏడాది జ్వరాలు వస్తూనే ఉంటాయి. ఇంకో సంగతి: క్వారీ లోతు పెరిగే కొద్దీ చుట్టుపక్కల బావులు, బోర్లు అడుగంటిన ఊళ్లలో జనం ట్యాంకరు నీళ్ల మీద ఆధారపడి, డ్రమ్ముల్లో వారం రోజుల నీళ్లు నిలవ చేసుకుంటారు. గుడ్డు నుంచి దోమ కావడానికి పట్టేది ఎనిమిది నుంచి పది రోజులే. మీ ఊళ్లో నీళ్ల కొరత ఉందో లేదో మీరు రాయలేదు. ఉంటే, నా దృష్టిలో డ్రమ్ములకు గుడ్డ కట్టించడం, వారానికోసారి ఖాళీచేసి లోపలి అంచులు పీచుతో రుద్ది కడిగించడం గుంత పూడ్చడం కన్నా ముందు చేయవలసిన పని.

గుంతలో మలేరియా దోమ పుట్టవచ్చు. పల్లెల్లో మలేరియాను మోసే అనాఫిలిస్ దోమకు తేటగా నిలిచిన వాననీరు ఇష్టం, అది కిలోమీటరుకు పైగా ఎగరగలదు. బ్రెజిల్‌లో యానోమామి గిరిజనుల అడవుల్లో బంగారం కోసం అక్రమంగా తవ్విన గుంతల వల్ల మలేరియా ఎంతగా పెరిగిందంటే, ఆకలితో పాటు అది కూడా కారణమై 2023 జనవరిలో ఆ దేశ ప్రభుత్వం అక్కడ ఆరోగ్య అత్యవసర స్థితి ప్రకటించవలసి వచ్చింది. మన దగ్గర మలేరియా ఇప్పుడు తక్కువే, ఆ తక్కువను కాపాడుకోవాలి. లోతైన గుంతకు గంబూసియా చేపలు మంచి ఉపాయం. ఒక్కో చేప రోజుకు వందకు పైగా తోకపురుగులను (దోమ పిల్లలను) తింటుంది. మత్స్యశాఖనో, మలేరియా విభాగాన్నో అడిగితే ఇస్తారు. ఆయిల్ బాల్స్ వేసిన నీటిలో ఈ చేపలు వేయవద్దు. గుంత చుట్టూ కంచె మాత్రం తప్పనిసరి. దోమల కన్నా ముందు ఆ నీళ్లలో ఈతకు దిగే పిల్లల ప్రాణాల గురించి భయపడాలి.

ప్రశ్న: మా అమ్మ క్వారీ వ్యర్థపు రాళ్ల గుట్టల మీద మొలిచిన కంపలో మేకలు మేపుతుంది. అక్టోబరులో పది రోజులు జ్వరం వదలలేదు. డెంగీ, టైఫాయిడ్, మలేరియా ఏదీ కాదన్నారు. తిరుపతిలో ఒక డాక్టరమ్మ చంక కింద నల్లటి మచ్చ చూసి మందు ఇచ్చింది, రెండు రోజుల్లో జ్వరం దిగింది. అది ఏ జబ్బు? క్వారీ నుంచి వచ్చిందా? (గంగాధర నెల్లూరు మండలం)

జవాబు: ఆ డాక్టరమ్మ మీ అమ్మగారి ప్రాణం కాపాడిందని చెప్పాలి. అది స్క్రబ్ టైఫస్. చిత్తూరు, తిరుపతి, వేలూరు ప్రాంతాల్లో వానలు తగ్గి చలి మొదలయ్యే కాలంలో ఇది మామూలుగా కనబడే జబ్బు. స్విమ్స్, వేలూరు సీఎంసీ వైద్యులు దీని మీద చాలా ఏళ్లుగా పనిచేస్తున్నారు. ఎలుకల మీద బతికే, కంటికి సరిగా కనబడని ఒక రకం పురుగు పిల్ల పొదల్లో తిరిగే మనుషులను కుట్టినప్పుడు ఇది వస్తుంది. కుట్టిన చోట సిగరెట్టుతో కాల్చినట్టు నల్లటి పక్కు కడుతుంది, నొప్పి ఉండదు. చంకలు, గజ్జలు, రొమ్ముల కింద, నడుం దగ్గర ఉంటుంది కాబట్టి బట్టలు తీసి వెతికితే తప్ప దొరకదు. ఆడవారు సిగ్గుపడి చూపించరు, డాక్టర్లు తొందరలో చూడరు. సరైన మందు డాక్సీసైక్లిన్, చవకైనది. ఆలస్యమైతే మాత్రం ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతిని మనిషి చనిపోవచ్చు.

క్వారీ ఈ జబ్బును పుట్టించలేదు. కొండను తవ్వి, పనికిరాని రాళ్లను గుట్టలు పోసి వదిలేసిన చోట రాళ్ల సందుల్లో ఎలుకలు చేరుతాయి, పైన కంప మొలుస్తుంది. ఈ పురుగుకు కావలసినవి ఆ రెండే. ఊరి పొలాల గట్ల మీద కూడా ఇది ఉంటుంది కానీ, మేపుకు వేరే చోటు లేక జనం ఈ గుట్టల మీదికే రోజూ వెళ్లవలసి వస్తే ముప్పు పెరుగుతుంది. మీ అమ్మగారిని నిండు చేతుల రవిక, కాళ్లకు బూట్లు వేసుకుని వెళ్లమనండి. కంపలో నేల మీద కూర్చోకుండా, పడుకోకుండా చూడమనండి. ఇంటికి రాగానే వేడినీళ్లతో సబ్బు పెట్టి స్నానం చేసి, ఆ బట్టలు అప్పుడే నానబెట్టాలి. మళ్లీ జ్వరం వస్తే డాక్టరుతో మొదటి మాటగా "కంపలో మేకలు మేపుతాను" అని చెప్పాలి.

ప్రశ్న: మా ఊరి పక్క క్వారీలో ఒడిశా, జార్ఖండ్ నుంచి వచ్చిన ఎనభై మంది దాకా రేకుల షెడ్లలో ఉంటున్నారు. వాళ్ల వల్లే జబ్బులు వస్తున్నాయని, ఊళ్లోకి రానివ్వకూడదని గ్రామసభలో తీర్మానం చేయాలని పెద్దలు అంటున్నారు. నేను ఒప్పుకోలేకపోతున్నాను, కానీ వాదించడానికి నా దగ్గర సమాచారం లేదు. (రేణిగుంట సమీపం, డిగ్రీ విద్యార్థి)

జవాబు: నాయనా, నువ్వు ఒప్పుకోకపోవడం సరైనదే. ఆ తీర్మానం జరిగితే ఊరికే ఎక్కువ నష్టం.

ఇటువంటి షెడ్డు ఒకదానిలోకి వెళ్లి చూశాను. రేకుల పైకప్పు, మూడు పక్కల గోడ, ఒకే తలుపు, కిటికీ లేదు. పదడుగుల వెడల్పు గదిలో తొమ్మిది మంది పక్కలు. రాత్రి పని చేసినవారు పగలు, పగలు పని చేసినవారు రాత్రి అవే పక్కల మీద పడుకుంటారు. ఒక మూల కట్టెల పొయ్యి. ఆ తొమ్మిది మందిలో ఒకరికి టీబీ ఉంటే మిగిలినవారు ఎలా తప్పించుకుంటారు? ప్రపంచంలోని టీబీ రోగుల్లో నాలుగో వంతు మంది మన దేశంలోనే ఉన్నారు. మదనపల్లె దగ్గర ఆరోగ్యవరంలో టీబీ ఆసుపత్రి వందేళ్ల కిందటే వెలిసిందంటే, ఈ జబ్బు మన సీమకు ఒడిశా వాళ్లు తెచ్చింది కాదని మీ పెద్దలకు చెప్పు. జబ్బు ఎక్కడి నుంచి వచ్చినా, దాన్ని పెంచేది ఆ షెడ్డు.

మలేరియా విషయంలో కొంత వాస్తవం ఉంది. ఒడిశా, జార్ఖండ్, ఛత్తీస్‌గఢ్ అడవి జిల్లాల్లో మలేరియా ఎక్కువ. అక్కడి నుంచి వచ్చినవారిలో కొందరి రక్తంలో జ్వరం లేకుండానే మలేరియా సూక్ష్మజీవి ఉండవచ్చు. వచ్చిన వారంలోనే రక్తపరీక్ష చేసి, ఉన్నవారికి మందు ఇస్తే సమస్య అక్కడితో ఆగుతుంది. వైవాక్స్ రకమైతే, కాలేయంలో దాగిన సూక్ష్మజీవి కోసం డాక్టరు చెప్పినట్టు 14 రోజుల మాత్రలు పూర్తిగా వాడాలి. జ్వరం దిగగానే ఆపేస్తే నెలల తరువాత తిరగబెడుతుంది. వాళ్లను ఊళ్లోకి రానివ్వం అని తీర్మానిస్తే ఏం జరుగుతుంది? జ్వరం వచ్చినవాడు చెప్పకుండా దాక్కుంటాడు, దోమ అతన్ని కుట్టి మీ ఇంటికి వస్తుంది. దోమకు తీర్మానాలు వర్తించవు.

టీబీ మందుల మధ్యలో క్వారీ మారిపోవడం ఇంకా పెద్ద చిక్కు. సగంలో ఆగిన వైద్యం మందులకు లొంగని టీబీకి దారి తీస్తుంది. దీనికి విరుగుడు ఉంది. ప్రతి టీబీ రోగికీ నిక్షయ్ నంబరు ఒకటి ఇస్తారు. ఆ నంబరుతో దేశంలో ఏ ప్రభుత్వ కేంద్రంలోనైనా మిగిలిన మందులు తీసుకోవచ్చు. ఆ నంబరును ఫోనులోనే కాకుండా, చొక్కా జేబులో పెట్టుకునే కాగితం మీద కూడా రాసి ఇవ్వు. ఫోన్లు పోతాయి, నంబర్లు మారతాయి. సందేహాలకు 1800-11-6666 అనే ఉచిత నంబరు ఉంది.

గ్రామసభలో వేరే తీర్మానం పెట్టించు. గనుల మీద వచ్చే సొమ్ములో కొంత భాగం గనుల ప్రభావం ఉన్న ఊళ్లకే ఖర్చు చేయాలని 2015లో చట్టం మారి, జిల్లా ఖనిజ నిధులు ఏర్పడ్డాయి. ఆ నిధిలో కనీసం 70 శాతం తాగునీరు, ఆరోగ్యం, పర్యావరణం వంటి ముఖ్య అవసరాలకు పెట్టాలని 2024 నాటి కేంద్ర మార్గదర్శకాలు చెబుతున్నాయి. మీ ఊరికి ఏటా రెండుసార్లు ఎక్స్‌రే వాహనం, కళ్లె పరీక్ష శిబిరం, అందులో క్వారీ షెడ్లు కూడా కలిపి, ఆ నిధి నుంచి కావాలని తీర్మానంలో రాయించు. గని కార్మికులకు పనిలో చేరేటప్పుడూ, ఆ తరువాత కనీసం అయిదేళ్లకోసారీ యజమాని ఖర్చుతో వైద్య పరీక్ష జరగాలన్నది పాత గనుల నిబంధనల కాలం నుంచీ ఉన్నదే. అది జరుగుతోందా, నివేదికలు ఎక్కడ అని క్వారీవారిని సభలోనే అడగండి. షెడ్డుకు రెండు వైపులా కిటికీలు పెట్టించమని అడగండి, వాటికి ఖర్చయ్యేది కొద్ది వేలు.

సభకు ఆ షెడ్ల నుంచి ఇద్దరు ముగ్గురిని కూడా పిలవండి. హిందీ వచ్చినవారు ఎవరైనా పక్కన కూర్చుని, వాళ్లు చెప్పింది తెలుగులో వినిపిస్తే చాలు. ఎవరికి ఎన్నాళ్లుగా దగ్గు ఉందో అక్కడే తెలుస్తుంది, శిబిరం తేదీ ఆ రోజే వేయవచ్చు.